మనిషి పడని ఫోటోలు

ఐదో గుంజ తలమీద చేరిన తేమను స్వెట్టరు చేతితో తుడిచి, కెమెరాను దాని మీది గాడిలో కూర్చోబెట్టిందామె. ఆ గాడిలో పడితే కెమెరా ఇక అటూ ఇటూ కదలదు. పోయిన నెల చెట్టు ఎంత కనబడిందో ఈ నెలా అంతే కనబడుతుంది. ఒక కన్ను మూసి చూసింది. ఎదురుగా గూనిమాను. దాని పక్కన ఎరుపూ తెలుపూ పట్టీల కొలతకర్ర. కర్రను పట్టుకున్న నాలుగు వేళ్ళు.

"ఏవండీ, వేళ్ళు కనబడుతున్నాయి!" అని కేకేసింది.

"ఏ వేళ్ళు? నావా, చెట్టువా?" అంది చెట్టు వెనకనుంచి ఆయన గొంతు.

"చాల్లెండి సంబడం. కాస్త కిందకి పట్టుకోండి."

వేళ్ళు మాయమయ్యాయి. కర్ర నిటారుగా నిలబడింది. ఆమె మీట నొక్కింది.

ఊరి చివరనున్న ఈ అడవి పార్కులో మొగుడూ పెళ్ళాలిద్దరి పనీ ఇదే. కాలిబాట పొడవునా గుంజలు పాతి ఉంటాయి. ఒక్కో గుంజ దగ్గర ఆగి, ఎదురుగా ఉన్న చెట్టుకు ఒక్క ఫోటో తీయాలి. చెట్టు ఒరిగేది ఒక్కరోజులో కాదు. ఎండేదీ అంతే. ప్రతిరోజూ చూసే కంటికి అది తెలియదు. నెలకో ఫోటో తీసి పక్కపక్కన పెడితే, ఏ మాను ఎంత వంగిందో, ఏ కొమ్మ ఎటు ఎండుతోందో ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు తెలిసిపోతుంది. నడవడానికి వచ్చేవాళ్ళ నెత్తిన పడకముందే కొట్టించేస్తారు.

ఒకటే నియమం. ఫోటోలో మనిషి పడకూడదు. చేరిన మొదటిరోజే సూపర్‌వైజరు చెప్పాడు. "మనిషి పడ్డాడంటే చూసేవాడి కన్ను వాడి మీదకే పోతుందమ్మా. చెట్టునెవడూ చూడడు." అందుకని ఆమె గుంజ దగ్గర నిలబడితే, ఆయన వెళ్ళి చెట్టు వెనక దాక్కుని, చెయ్యి చాపి కర్రను మాత్రం బయటకు నిలబెడతాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరూ కలిసి గడిపిన పొద్దుల్లో సగం, ఆమె ఆయన్ను కనబడకుండా పొమ్మనడంతోనే సరిపోయింది. ఆయన దానికీ నవ్వేవాడు.

తర్వాతి గుంజకు నడుస్తూ ఆమె మళ్ళీ ఫోను తీసి చూసింది. గీతలు లేవు. చెట్ల మధ్య ఎక్కడా సిగ్నల్ అందదు. పదకొండో గుంజ దాటాక గట్టు ఎక్కితేనే.

"ఈపాటికి చేరుంటారంటారా?" అంది.

"చేరుంటారు."

"ఆ వ్యాను డ్రైవరు రాత్రంతా నిద్రపోయాడో లేదో."

"వాడి తల్లి వాడికి జోలపాడే ఉంటుందిలేవే."

"మీకన్నీ నవ్వులాటే."

కూతురు ఇంకో ఊళ్ళో, మందులు పెట్టెలకెత్తే కంపెనీలో పనిచేస్తోంది. తోటి పనివాళ్ళంతా కలిసి ఇవాళ సముద్రం చూడటానికి పోతున్నారు. పడవెక్కుతారట. పడవ! ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆమె మనసు మనసులో లేదు. పొద్దున 'బయల్దేరాం' అని ఒక ముక్క పంపింది పిల్ల. అంతే. ఆ ఒక్క ముక్కకూ ఇప్పటికీ మధ్య ఆమె కళ్ళముందు వ్యాను ఎన్నిసార్లు బోల్తాపడిందో, పడవ ఎన్నిసార్లు తిరగబడిందో. చివరిసారి తిరగబడినప్పుడు పిల్ల వేసుకున్న చొక్కా రంగు కూడా కనబడింది.

ఆమె తీరే అంత. పిల్ల పాలు తాగి నిద్రపోతే, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసేది. మెట్లు దిగితే పడుతుందని, పండు తింటే గింజ గొంతులో అడ్డం పడుతుందని, ఆలస్యమైతే ఇంకేముంది అయిపోయిందని. పెద్దగా చదువుకోలేదు గానీ, జరగబోయే ఘోరాలు మాత్రం ఎవరో పుస్తకం ముందు పెట్టి చదివించినట్టు వరసగా చెప్పేది. పార్కులోనూ అంతే. ఈ కొమ్మ విరుగుతుంది, ఆ మాను వేళ్ళు వదిలేసింది అని ఆఫీసులో చెవినిల్లు కట్టుకుని పోరితే, సూపర్‌వైజరు తల పట్టుకునేవాడు. "ఈవిడ చెప్పినవన్నీ కొట్టేస్తే ఇక్కడ పార్కు మిగలదయ్యా, ఆటస్థలం మిగుల్తుంది."

అందుకే ఇంట్లో ఆమెకు తెలియకుండా ఇంకో సంసారం నడిచేది. తండ్రీకూతుళ్ళ సంసారం. పిల్ల సైకిలు మీంచి పడి మోచెయ్యి చీరుకుపోతే, బడి గోడ గీసుకుందన్నారు. చెరువులో ఈత నేర్చుకుంటే, తల తడిసింది వానకన్నారు. ఏళ్ళు గడిచాక భోజనాల దగ్గర ఆ సంగతులన్నీ ఒక్కొక్కటే బయటపడేవి. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే, ఇంకా ఏమేం ఉన్నాయో అని ఇద్దరి మొహాలూ వెతికేది.

ఏడో గుంజ దగ్గర గుంపు ఎదురైంది. మెడల్లో పెద్దపెద్ద కెమెరాలు, వీపున సంచులు. సెలవురోజున ఫోటోలు తీసుకుంటూ అడవంతా నడిచేవాళ్ళు. ఒకాయన పుట్టగొడుగు ముందు బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఒకమ్మాయి చెట్ల సందుల్లోంచి పడుతున్న ఎండను తీస్తోంది.

"ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా? మీరు పడుతున్నారు."

ఆయన పకపకా నవ్వాడు. "అమ్మయ్య! ఇన్నాళ్ళకి నిన్ను జరగమనే మనిషి దొరికింది."

నవ్వు మధ్యలో దగ్గు అందుకుంది. దగ్గు ఆగాక కూడా కాసేపు నోరు తెరుచుకునే నిలబడ్డాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"రాత్రి కిటికీ తెరిచి పడుకోవద్దంటే వింటేగా" అందామె. "పడుకుంటేగా అసలు! కుర్చీలో కూర్చునే నిద్ర. ఆ టీవీలో ఏముందో, పక్కమీదకి రావడమే మానేశారు."

ఆయన మెల్లగా నడుం ఎత్తాడు.

ఆ అమ్మాయికి ఈ ముసలి జంట ముచ్చటగా కనబడిందేమో. "మీ ఇద్దరిదీ ఒకటి తీయనా అంకుల్? ఆ మాను కింద నిలబడండి, వెలుగు బాగుంది" అంది.

ఆయన వెంటనే టోపీ తీసి జుట్టు సర్దుకున్నాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు. కర్రను బంట్రోతులా పక్కన నిలబెట్టి, మాను కిందకు వెళ్ళి నిలబడి, "రావే" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. సరిగ్గా ఆయన నెత్తిమీద, ఆకుల్లో దాక్కుని, పెచ్చు లేచిన కొమ్మ ఉంది.

"అక్కణ్ణుంచి బయటకి రండి! మీకేమన్నా మతిపోయిందా? ఆ కొమ్మ చూడండి, ఇప్పుడో ఇంకాసేపటికో..."

"పోయిన ఏడాది నుంచీ ఇప్పుడో ఇంకాసేపటికో అంటున్నావ్ దాన్ని."

"ముందు బయటకి రండి. ఫోటో లేదు ఏమీ లేదు. వద్దమ్మా, మాకు పనుంది." చెయ్యి పట్టుకుని బరబరా లాక్కొచ్చింది. ఆయన వెనక్కి తిరిగి ఆ అమ్మాయి వైపు చూసి, చూశావా నా బతుకు అన్నట్టు కనుబొమలెగరేశాడు. గుంపు నవ్వుకుంటూ ముందుకు సాగిపోయింది. కొమ్మ పడలేదు. గాలికి కూడా ఊగలేదు.

ఎనిమిదో గుంజ. ఎదురుగా 'అత్తగారు'. ఆ పేరు ఆయన పెట్టిందే. ఎంత గాలి వీచినా తలవంచదు, కిందనున్న మొక్కల్ని ఎదగనివ్వదు. ఆయన గడ్డిలో అడుగులు వేసుకుంటూ చెట్టు వెనక్కి చేరడానికి చాలాసేపే పట్టింది. పైకి కర్ర కనబడింది. ఆమె కెమెరా కన్నంలోంచి చూస్తుండగానే ఆ కర్ర ఒరిగి, ధడేలున కిందపడింది.

"నిద్రపోతున్నారా ఏంటి అక్కడ?"

కాసేపటికి, "అత్తగారు తోసేసిందే" అని వినబడింది.

మళ్ళీ లేచింది కర్ర. ఈసారి అడుగున ఉన్న ఇనపమొన మట్టిలో దిగేదాకా గుచ్చినట్టున్నాడు, రాయిలా నిలబడిపోయింది. వేళ్ళు లేవు, చెయ్యి లేదు. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనుకుంది ఆమె. మీట నొక్కింది.

ఇంతకుముందు చెట్టు వెనక ఉన్నంతసేపూ ఆయన ఈల వేసేవాడు. ఆ ఈలను బట్టే ఆయన ఎక్కడున్నాడో తెలిసేది. ఈమధ్య ఈల మానేశాడు. ఎప్పుడు మానేశాడో ఆమెకు గుర్తులేదు. వేస్తున్నప్పుడు గోలగా ఉందని విసుక్కునేది, మానేశాక గమనించలేదు.

ఆయన తిరిగి వచ్చేసరికి నుదుటి మీదా మెడ మీదా చెమట. చల్లగాలి కోసేస్తోంది, ఆయనకేమో చెమట. ఆమె తన మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పి గబగబా తుడిచింది.

"చెమట మీద గాలి తగిలితే జలుబు చేస్తుంది. జలుబు ఛాతీకి దిగుతుంది. తర్వాత మీ ఇష్టం."

"దిగనీలే, చోటుందిగా" అన్నాడు ఛాతీ తడుముకుంటూ.

"ఆ మాటలే వద్దనేది."

పడిపోయిన మాను మీద కూర్చుని తెచ్చుకున్నవి తిన్నారు. రొట్టె, ఉడికించిన గుడ్లు. ఆయన ఒక గుడ్డు ఒలిచి ఆమె చేతిలో పెట్టాడు. తనది పొట్లంలోనే ఉంచేశాడు. ఆమె చూసింది, కానీ చూపు ఫోను మీదకు పోయింది. "ఇంత పొద్దెక్కినా ఒక్క మెసేజీ లేదు. పడవలో ఫోను నీళ్ళలో పడిందేమో. ఫోను పడితే పరవాలేదు. వాళ్ళకి మునిగిపోకుండా బెండు చొక్కాలిస్తారంటారా? ఇచ్చినా వేసుకోదది. నా మాట ఎప్పుడు విన్నది గనక!"

"ఏమే."

"ఊఁ?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఎండుటాకులాంటి ఆ మొహంలో కళ్ళు రెండూ ఎక్కడో సముద్రం మీద ఉన్నాయి. పొట్లం మడిచి, "ఏం లేదు. ఉప్పు పొట్లం మర్చిపోయాం" అన్నాడు.

పదకొండో గుంజ అయ్యేసరికి ఇక ఆమెవల్ల కాలేదు. మిగిలింది చివరిది, పన్నెండోది. వాగు పక్కన జంటమాను. ఒకే మొదలునుంచి రెండు మానులు లేచి, పైకి పోయాక మళ్ళీ ఒకదానికొకటి ఆనుకుంటాయి. పొద్దు గట్టు చాటుకు వెళ్ళకముందే దాన్ని తీయాలి. నీడ పడితే పనికిరాదు.

"ముందు గట్టెక్కి పిల్లతో మాట్లాడిరా" అన్నాడాయన. "నీ అవస్థ చూడలేక చస్తున్నా. నువ్వొచ్చేలోపు నేను మెల్లగా వెళ్ళి కర్ర పట్టుకుని ఉంటా. రాగానే నొక్కెయ్యి, ఇంటికి పోదాం."

"మీరొక్కరే దిగగలరా? వాగు దగ్గర జారుడు."

"కర్ర ఉందిగా."

ఆమె గట్టు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఆయన బాటమీద మెల్లగా పోతున్నాడు, కర్రను ఊతంగా పట్టుకుని. పిల్లల ఆటలో ముసలివాడి వేషం వేసినట్టు నడుస్తున్నాడు. ఎప్పుడూ వేషాలే అనుకుంది.

గట్టు మీదికి చేరేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. ఫోనులో గీతలు లేచాయి. ఒకటి, రెండు. నొక్కింది. మోగుతోంది. మోగుతూనే ఉంది. ప్రతి మోతకూ పడవ ఒకసారి మునిగి తేలింది.

"అమ్మా, బతికే ఉన్నా!" అంది కూతురు. వెనక గాలి హోరు, నవ్వులు.

ఆమె అక్కడే రాయిమీద కూలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "చేరగానే చెయ్యమన్నానా లేదా? పొద్దున్నుంచీ నా ప్రాణాలు..."

"పడవ దిగేశాం కూడా. మునగలేదు. సొరచేప కూడా రాలేదు, నీ పేరు చెప్పగానే పారిపోయింది."

"నవ్వు, నవ్వు. మీ నాన్న పోలికేగా."

"నాన్నేడీ? ఫోను కలవట్లేదు."

"కింద వాగు దగ్గరున్నారు. జంటమాను ఒక్కటే మిగిలింది."

అవతల నవ్వు ఆగింది. "నాన్న నీతో నడుస్తున్నాడా?"

"నడవక? మోసుకెళ్ళమంటావా?"

"అమ్మా. మాత్రలు వేసుకున్నాడా పొద్దున?"

"ఏం మాత్రలు?"

గాలి హోరు ఒక్కటే వినబడింది. తర్వాత కూతురు గొంతు, చిన్నగా. "నాన్న చెప్పలేదా నీకు? చెప్తానన్నాడే. పోయినసారి నేనొచ్చినప్పుడు బజారుకెళ్ళొస్తామని వెళ్ళాం కదా, అది బజారుకి కాదమ్మా. డాక్టరు దగ్గరకి. గుండె బలహీనంగా ఉందన్నారు. ఎక్కువ నడవకూడదన్నారు. పని మానేస్తానని ఒట్టేశాడు నాకు. నీకు తనే మెల్లగా చెప్తానన్నాడు. నువ్వు భయపడతావని..."

ఆమెకు తర్వాతి మాటలు వినబడలేదు. ఫోను చేతిలోనే ఉంది, కూతురు "అమ్మా, అమ్మా" అంటూనే ఉంది. ఆమె గట్టు దిగుతోంది. దిగడం కాదది, దొర్లడం. రాళ్ళు కాళ్ళకింద జారుతున్నాయి, కొమ్మలు మొహాన్ని గీరుతున్నాయి. ఏ కొమ్మ ఎండిందో, ఏ రాయి కదులుతుందో ఈసారి ఆమె చూడలేదు. జీవితంలో మొదటిసారి ఏ ఘోరమూ ముందుగా కళ్ళకు కట్టలేదు. తలలో ఏమీ లేదు. ఒట్టి తెల్లగా ఉంది.

పన్నెండో గుంజ దగ్గరకు వచ్చి ఆగింది. ఎదురుగా జంటమాను. దాని పక్కన ఎరుపూ తెలుపూ పట్టీల కర్ర. నిటారుగా, కొలిచి నిలబెట్టినట్టు.

గుంజను రెండు చేతులా పట్టుకుని ఊపిరి వదిలింది. ఉన్నాడు. చెప్పినట్టే వచ్చి, కర్ర పట్టుకుని ఉన్నాడు. భయం దిగిపోగానే దాని చోట్లోకి కోపం పొంగుకొచ్చింది. డాక్టరు దగ్గరకా! బజారని చెప్పి! ఇంటికి పదండి, మీ సంగతీ మీ కూతురి సంగతీ చెప్తాను. రేపట్నుంచి గడప దాటనిస్తే అడగండి. ఆఫీసుకు నేనే పోయి చెప్తాను, ఈయన రాడని. ఉప్పు పొట్లమట, ఉప్పు పొట్లం!

పొద్దు గట్టు అంచును తాకుతోంది. నీడ చెట్టు మొదట్లోకి పాకుతోంది. ముందు ఇది కానీ అనుకుని, కెమెరాను గాడిలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసింది. జంటమాను. కర్ర. వేళ్ళు లేవు. చెయ్యి లేదు. ఎక్కడా మనిషి లేడు. మీట నొక్కింది.

"అయిపోయింది, రండి" అంది.

వాగు చప్పుడు.

"ఏవండీ. అయిపోయింది. వచ్చెయ్యండి ఇక."

కర్ర కదల్లేదు.

ఆయన చెట్టు వెనక, రెండు మానులూ కలిసే చోట వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. టోపీ ఒళ్ళో ఉంది. ఒక చెయ్యి కర్ర వైపు చాపి ఉంది గానీ కర్రను పట్టుకోలేదు. కర్ర దానంతట అదే, మొన మట్టిలో దిగి నిలబడింది. కుడికాలికి బూటు లేదు. మేజోడు మడమదాకా జారి ఉంది. ఆ కాలు ఆయనది కానట్టు, పిండిముద్దలా ఉబ్బి ఉంది. మేజోడు పట్టిన చోట వేలు పట్టేంత లోతుగా గాడి.

ఆమె మోకాళ్ళమీద కూర్చుని ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత మేజోడు పైకి లాగి సర్దింది. తన మెడగుడ్డ తీసి ఆయన మెడకు చుట్టింది. "గాలి చల్లగా ఉంది" అంది.

ఎవరికైనా చెప్పాలంటే మళ్ళీ గట్టెక్కాలి. మళ్ళీ ఆయన్ను ఒక్కణ్ణీ వదిలి వెళ్ళాలి. పదడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చింది. చివరికి గట్టిగా అరిచింది. పేరు పెట్టి కాదు, సాయం అని కాదు, ఒట్టి అరుపు. తిరుగుదారిలో ఉన్న ఆ కెమెరాల గుంపు అది విని పరుగున వచ్చింది. ఇద్దరు గట్టెక్కి ఫోను చేశారు. ఎండను తీసిన అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఏం మాట్లాడాలో తెలియక ఏడ్చేసింది.

"మీ దాంట్లో ఆయన ఏమన్నా పడ్డారామ్మా?" అని అడిగిందామె. "ఇందాక ఆ మాను కింద. వెనకగానైనా, పక్కగానైనా."

అమ్మాయి మెడలోని కెమెరాలో ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ వెతికింది. ఆకులు, ఎండ, పుట్టగొడుగు. తల అడ్డంగా ఊపింది. "మీరు జరిగాకే తీశానండీ అన్నీ."

పార్కు కాపలావాళ్ళు చెత్త మోసే తోపుడుబండి మీద దుప్పటి పరిచి తెచ్చారు. అంతకంటే వెడల్పైనది ఆ బాటలో పట్టదు. సూపర్‌వైజరు టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. గుంజ మీదే ఉండిపోయిన కెమెరాను తనే తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. ఎవరో కర్ర పీకారు. అది మట్టిలోంచి రావడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది. బండి కదిలింది. ఆమె పక్కన నడుస్తూ, గతుకుల్లో ఆయన తల ఊగకుండా అరచెయ్యి అడ్డంపెట్టింది. చేతిలో ఫోను సిగ్నల్ లేక చచ్చుగా ఉంది. అవతల ఏదో ఊళ్ళో, సముద్రం ఒడ్డున, పిల్ల మోగిస్తూనే ఉండి ఉంటుంది.

జంటమాను వెనక నీడ పూర్తిగా పరుచుకుంది. అక్కడ వేరు పక్కన ఆయన కుడికాలి బూటు ఉండిపోయింది. తాళ్ళు చివరి కన్నం దాకా ఊడదీసి, లోపలి అట్ట తీసేసి, పైకి ఎవరికీ కనబడకుండా మడమ లోపలివైపు కత్తితో పొడుగ్గా కోసి ఉంది. ఆ కోత అంచులు ఇంకా చీరకుండా, మగచేతి పెద్దపెద్ద కుట్లతో, నల్లదారం వేసి కుట్టి ఉన్నాయి.